వినబడని బిడ్డకు ఇల్లు ఎక్కడ?



రాత్రి భోజనాల వేళ ఒక ఇంట్లోకి వెళ్దాం. మీకు బాగా తెలిసిన ఇల్లే అనుకోండి. అమ్మ వడ్డిస్తోంది. నాన్న ఆ రోజు సంతలో జరిగిన సంగతి చెప్తున్నాడు. మధ్యలో అన్నయ్య ఏదో అన్నాడు, అందరూ గొల్లుమన్నారు. ఎనిమిదేళ్ల పాప కూడా నవ్వింది. అందరూ నవ్వుతున్నారు కాబట్టి తనూ నవ్వింది. కాసేపటికి అమ్మ మోచెయ్యి లాగి, ఏంటి అన్నట్టు కళ్ళెగరేసింది. అమ్మ చెయ్యి ఊపింది. ఏం లేదులే, తిను అని ఆ ఊపుకి అర్థం.

ఆ పాపకి చెవులు వినబడవు. ఆ ఇంట్లో ఆమెను కొట్టేవాళ్ళు లేరు, తిట్టేవాళ్ళు లేరు. పండక్కి ముందు గౌను ఆమెకే కొంటారు. కానీ ఆ నవ్వు ఎందుకు పుట్టిందో ఆమెకి ఎవరూ చెప్పలేదు. నిన్నా చెప్పలేదు, రేపూ చెప్పరు.

ఇప్పుడు మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. తొందరపడి జవాబు చెప్పకండి. ఆ పాప ఇంట్లో ఉన్నట్టా, తప్పిపోయినట్టా?

సరిహద్దు దాటిన పాప

ఈ ప్రశ్నని అర్థం చేసుకోవడానికి నిజంగానే తప్పిపోయిన ఒక అమ్మాయి జీవితం చూద్దాం. గీత పేరు మీరు వినే ఉంటారు. ఇరవై ఏళ్లకి పైగా కిందట లాహోర్ స్టేషన్‌లో, సంఝౌతా ఎక్స్‌ప్రెస్‌లో ఒంటరిగా కూర్చున్న ఒక చిన్నపిల్ల పాకిస్తాన్ రేంజర్ల కంటబడింది. పేరు అడిగారు, ఊరు అడిగారు. పాప ఏమీ చెప్పలేదు. వినబడదు, మాట రాదు. ఇండియా నుంచి వచ్చిందని మాత్రం ఊహించగలిగారు. చివరికి ఆ పాప కరాచీలోని ఎధి ఫౌండేషన్ వారి గూటికి చేరింది.

అక్కడ బిల్కీస్ ఎధి అనే పెద్దావిడ ఆమెను పెంచింది. మొదట ఫాతిమా అని పిలిచారు. పాప చేతులు జోడించి దండం పెట్టడం, పెద్దల కాళ్ళకి మొక్కడం చూసి, ఇది హిందువుల బిడ్డ అని గ్రహించి గీత అని పేరు మార్చారు. ఆమె పూజించుకోవడానికి దేవుళ్ళ పటాలు తెప్పించి పెట్టారు. ఆలోచించండి. ముస్లిం దేశంలో, ఒక ముస్లిం తల్లి, ఎవరి బిడ్డో తెలియని పిల్లకి ఆ పిల్ల దేవుణ్ణి తెచ్చి ఇచ్చింది. నా ఇంట్లో ఉంటే నాలాగే ఉండాలి అనలేదు.

2015లో ఒక హిందీ సినిమా వచ్చి, దాదాపు ఇలాంటి కథే చెప్పడంతో ఈమె సంగతి రెండు దేశాల్లోనూ చర్చకి వచ్చింది. ఆ ఏడాది అక్టోబర్ 26న గీత ఢిల్లీలో దిగింది. బీహార్‌లోని ఒక కుటుంబం ఫొటో చూసి వీళ్ళు నా వాళ్ళే అన్న అమ్మాయి, వాళ్ళని ఎదురుగా చూశాక గుర్తుపట్టలేకపోయింది. డీఎన్‌ఏ కూడా కలవలేదు. తర్వాత ఎన్నో కుటుంబాలు మా బిడ్డే అంటూ వచ్చాయి. ఒక్కరితోనూ కలవలేదు. ఆమెను పెంచినందుకు మన ప్రభుత్వం ప్రకటించిన కోటి రూపాయలని ఎధి వారు వినయంగా వద్దన్నారు. దానం అనే మాటకి ఇంతకంటే వ్యాఖ్యానం ఏం కావాలి?

గీత ఇండోర్‌లో ఉండి సంజ్ఞా భాష నేర్చుకుంది. ఆ భాష తెలిసినవాళ్ళు ఆమెతో ఓపిగ్గా కూర్చుని, చిన్ననాటి జ్ఞాపకాలని ఒక్కొక్కటిగా బయటికి తీశారు. ఇంటికి దగ్గర్లో రైల్వే స్టేషన్. ఒక నది. ఒడ్డున గుడి. చెరుకు తోటలు, వేరుశనగ చేలు. ఈ ఆనవాళ్ళు పట్టుకుని 2020 డిసెంబర్‌లో గోదావరి వెంట వెతికారు. నాందేడ్ నుంచి మన తెలంగాణలోని బాసర దాకా వచ్చారు. 2021 మార్చిలో, మహారాష్ట్రలో ఆమె కన్నతల్లి దొరికిందని బిల్కీస్ ఎధి ప్రకటించారు. ఆమె చిన్నప్పటి పేరు రాధ అని తెలిసింది. తండ్రి అప్పటికే కన్నుమూశాడు.

ఈ కథలో అందరూ సరిహద్దునే చూస్తారు. నేను మిమ్మల్ని ఇంకొకటి చూడమంటాను. గీత అన్నేళ్ళు ఎందుకు తప్పిపోయి ఉంది? చెవులు వినబడక అంటారు. కాదు. వినబడే పసిపిల్లలు కూడా రైళ్ళలో తప్పిపోతారు. ఊరి పేరు, నాన్న పేరు చెప్తే వారం తిరక్కుండా ఇల్లు చేరతారు. గీత దగ్గర ఊరి పేరు చెప్పే భాష లేదు. చేతితో చెప్పే పేరు లేదు, కాగితం మీద రాసే పేరూ లేదు. భాష చేతికొచ్చాక, ఎప్పటిదో ఒక నది, ఒక చెరుకు తోట ఆమె నోట కాకుండా ఆమె వేళ్ళ మీద పలికాయి. అవే దారి చూపించాయి.

అంటే తప్పిపోవడం రైలెక్కిన రోజున మొదలవలేదు. అంతకు ముందే మొదలైంది.

బంధాలు అనిత్యమని చెప్పేద్దామా?

ఇక్కడ ధమ్మం చదువుకున్నవాళ్ళలో కొందరికి ఒక సందేహం రావచ్చు. నాకూ వచ్చింది. అన్నీ అనిత్యమని కదా తథాగతుడు చెప్పింది? నాది అనేది ఏదీ లేదని కదా చెప్పింది? మరి నా వాళ్ళు ఎవరు అని వెతకడం మోహం కాదా? రాధ, ఫాతిమా, గీత, ఇవన్నీ పిలుచుకోవడానికి పెట్టుకున్న పేర్లే అని నాగసేన భిక్షువు మిళింద రాజుకి చెప్పినట్టు మనమూ ఆ అమ్మాయికి చెప్పవచ్చు కదా?

చెప్పవచ్చు. చాలా తేలిక. కడుపు నిండినవాడు ఆకలితో ఉన్నవాడికి రుచులు అనిత్యం అని చెప్పినంత తేలిక.

వదిలిపెట్టడం అనేది చేతిలో ఉన్నవాడు చేసే పని. సిద్ధార్థుడికి ఇల్లు ఉంది, తండ్రి ఉన్నాడు, పెంచిన గౌతమి ఉంది, భార్య ఉంది, పసిబిడ్డ ఉన్నాడు. అవన్నీ ఏంటో తెలిసి వదిలాడు. తన పేరేంటో కూడా తెలియని పిల్లని నీ పేరు వదిలెయ్ అనడం త్యాగం నేర్పడం అవదు. మన బాధ్యత వదిలించుకోవడం అవుతుంది.

బుద్ధుడు కుటుంబ ప్రేమని ఎలా చూశాడో తెలియాలంటే రాహులుడి సంగతి గుర్తు చేసుకోండి. బుద్ధుడు కపిలవస్తు వచ్చినప్పుడు రాహులుడు వెంటపడి వారసత్వం అడిగాడు. ఆ పిల్లవాడికి ప్రవ్రజ్య ఇప్పించారు. శుద్ధోదనుడు తట్టుకోలేకపోయాడు. నువ్వు వెళ్ళినప్పుడు ఏడ్చాను, నందుడు వెళ్ళినప్పుడు ఏడ్చాను, ఇప్పుడు వీడు కూడానా అన్నాడు. బిడ్డ మీద ప్రేమ చర్మాన్ని కోసి, మాంసాన్ని కోసి, ఎముకలో మూలుగ దాకా దిగుతుందని మొరపెట్టుకున్నాడు. ఇకపై తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఏ బిడ్డకీ ప్రవ్రజ్య ఇవ్వవద్దని కోరాడు.

బుద్ధుడు ఏం చేశాడు? ఇదంతా మోహం, అనిత్యాన్ని ధ్యానించు అని తండ్రికి ఉపదేశం చేసి పంపెయ్యలేదు. తండ్రి మాటని అంగీకరించాడు. దాన్ని సంఘానికి నియమంగా పెట్టాడు. ఆ నియమం ఇవాళ్టికీ ఉంది. అంటే ఎముక దాకా దిగే ఆ ప్రేమని ధమ్మం కొట్టిపారెయ్యలేదు. దానికి చోటిచ్చింది.

అనాత్మ అంటే ఎవరూ ఎవరికీ ఏమీ కారు అని అర్థం కాదు. ఎవరూ తమంతట తాము లేరు, అందరూ ఒకరివల్ల ఒకరు ఉన్నారు అని అర్థం. ఇది ఉంటే అది ఉంటుంది, ఇది లేకపోతే అది లేదు. ప్రతీత్య సముత్పాదం చెప్పేది అదే. బిడ్డ అనే మనిషి కూడా అలాగే తయారవుతుంది. ఎవరో పిలిస్తే పేరు, ఎవరో చెప్తే మాట, ఎవరో జవాబిస్తే ప్రశ్న. పిలిచేవాళ్ళు, చెప్పేవాళ్ళు, జవాబిచ్చేవాళ్ళు లేకపోతే బిడ్డ లోపల ఎంత ఉన్నా బయటికి రాదు.

ఏ జన్మ పాపమో అనే మాట

మన ఊళ్ళలో చెవిటి బిడ్డ పుట్టిందంటే, బిడ్డని చూడ్డానికి వచ్చినవాళ్ళు అనే మొదటి మాట ఏంటి? ఏ జన్మలో ఏ పాపం చేసిందో. ఇంకొంచెం కఠినంగా ఉండేవాళ్ళు తల్లిని చూస్తూ అంటారు. ఆ మాట విన్న తల్లి పదేళ్ళ తర్వాత కూడా బిడ్డని నలుగురిలోకి తీసుకెళ్ళడానికి జంకుతుంది. బౌద్ధులమని చెప్పుకునేవాళ్ళు కూడా ఈ మాట అనడం మీరు చూసే ఉంటారు. పైగా అది బుద్ధుడు చెప్పిందే అని నమ్ముతారు.

సంయుత్త నికాయంలో మోళియ సీవకుడు అనే పరివ్రాజకుడు సరిగ్గా ఇదే అడిగాడు. మనిషి అనుభవించే సుఖమైనా దుఃఖమైనా అంతా వెనకటి కర్మ వల్లే అని కొందరు శ్రమణులు, బ్రాహ్మణులు అంటున్నారు, మీరేమంటారు అని. బుద్ధుడు ఎనిమిది కారణాలు చెప్పాడు. పిత్తం వల్ల కలిగేవి ఉన్నాయి, కఫం వల్ల, వాతం వల్ల, ఈ మూడూ కలిసి కలిగేవి ఉన్నాయి. ఋతువుల మార్పు వల్ల, జాగ్రత్త లేని నడవడి వల్ల, బయటి నుంచి తగిలే దెబ్బల వల్ల కలిగేవి ఉన్నాయి. కర్మ ఫలం ఎనిమిదోది. అంతా కర్మే అనేవాళ్ళు తమకి స్వయంగా తెలిసిన దాన్నీ, లోకం సత్యమని ఒప్పుకున్న దాన్నీ దాటి మాట్లాడుతున్నారని, అది తప్పని తేల్చాడు.

ఇప్పటి వైద్యుల మాటలో అదే చెప్పాలంటే, గర్భిణీకి రుబెల్లా సోకడం, పుట్టిన బిడ్డకి పచ్చకామెర్లు బాగా ముదరడం, మెదడువాపు జ్వరం, కొన్ని మందుల ప్రభావం, వంశంలో వచ్చే జన్యువులు. తరతరాలుగా మేనరికాలు చేసుకునే మన ప్రాంతంలో ఈ చివరిది చిన్న కారణం కాదు. వీటిలో చాలావాటికి టీకా ఉంది, వైద్యం ఉంది, ముందుచూపు ఉంది. పాపం అని పేరు పెట్టినప్పుడు మాత్రం దేనికీ మందు లేదు.

సరే, ఎనిమిదో కారణం అయి ఉండవచ్చు కదా అని ఎవరైనా పట్టుబడితే? ఉండవచ్చేమో. నీకెలా తెలుసు అని అడగండి. కర్మ ఫలం ఇలా పండింది, అలా పండింది అని లెక్కలు కట్టేవాడికి మతి చలించడమే మిగులుతుందని హెచ్చరించినవాడు కూడా బుద్ధుడే. మనం చూడగలిగేది ఒకటే కర్మ. ఇప్పుడు, ఈ బిడ్డ ఎదుట నిలబడి మనం చేస్తున్నది.

బాబాసాహెబ్ అంబేద్కర్ ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’ గ్రంథంలో గత జన్మ కర్మ సిద్ధాంతం మీద ఇంత పట్టుదలగా వాదించడం ఊరికే కాదు. పేదవాడి పేదరికానికి వాడి పాత పాపమే కారణమంటే సమాజం చేతులు దులిపేసుకోవచ్చు. చెవిటి బిడ్డ విషయంలోనూ అంతే. తప్పు ఆ బిడ్డ గత జన్మలో ఉందంటే, ఈ జన్మలో మనం సైగలు నేర్చుకోవాల్సిన పని ఉండదు.

ఇంట్లోనే తప్పిపోవడం

చెవిటి పిల్లల్లో పదింట తొమ్మిది మందికి పైగా వినబడే తల్లిదండ్రులకే పుడతారు. ఇది చాలా పెద్ద విషయం, కానీ మనం ఆలోచించం. తెలుగు ఇంట్లో పుట్టిన బిడ్డకి తెలుగు ఊరికే వచ్చేస్తుంది. ఉయ్యాల్లో పడుకుని వింటూనే నేర్చుకుంటుంది. వినబడని బిడ్డకి ఆ ఇంట్లో ఊరికే వచ్చే భాష ఏదీ లేదు. అన్నం, నీళ్ళు, పడుకో, వద్దు. ఇలాంటి పాతిక సైగలు ఇంట్లోవాళ్ళు కల్పించుకుంటారు. ఆ పాతికతో కడుపు నింపవచ్చు. తాతయ్య ఎందుకు చనిపోయాడు అని ఆ పాతికతో అడగగలదా? భయమేస్తోంది అని చెప్పగలదా? నిన్న బడి దగ్గర ఒకడు నన్ను చెయ్యి పట్టి లాగాడు అని చెప్పగలదా?

2011 జనాభా లెక్కల్లో వినికిడి లోపం ఉన్నవాళ్ళు దేశంలో 50 లక్షలకి పైగా ఉన్నారు. ఒక్కొక్కరి వెనక ఒక భోజనాల పంక్తి ఉంది. ఏం లేదులే, తిను అనే ఒక చెయ్యి ఉంది.

ఇంకొకటి కూడా గమనించండి. తల్లిదండ్రులు ముచ్చటపడి పెట్టుకున్న పేరు ఊళ్ళో ఎవరూ వాడరు. మూగోడు, చెవిటిది, అంతే. గీతకి మూడు పేర్లు వచ్చాయని జాలిపడతాం. మన వీధిలో ఉన్న బిడ్డకి ఉన్న ఒక్క పేరూ పోయింది. సమ్యక్ వాక్కు అంటే అబద్ధం చెప్పకపోవడం మాత్రమేనా? వినబడదు కదా అని ఒక మనిషిని ఏమైనా పిలవవచ్చా?

ఆపరేషన్ చేయిస్తే సరిపోతుంది కదా అనేవాళ్ళు ఉన్నారు. చేయించగలిగితే తప్పక చేయించండి, చెవి మిషన్ పెట్టించండి, ఎంత చిన్న వయసులో అయితే అంత మంచిది. కానీ మిషన్ శబ్దాన్ని ఇస్తుంది. కబుర్లు మనం చెప్పాలి. చెవిలో మిషన్ పెట్టి, ఎదురుగా కూర్చోకపోతే, బిడ్డ మళ్ళీ ఒంటరే.

పిల్లలకి కావాల్సింది ఏంటో నికరాగ్వా అనే చిన్న దేశం లోకానికి చూపించింది. 1977 వరకూ అక్కడ చెవిటి పిల్లలు ఎవరి ఇళ్ళలో వాళ్ళు ఒంటరిగా ఉండేవాళ్ళు, ఇంటి సైగలతో. ఆ తర్వాత మనాగువా నగరంలో వాళ్ళ కోసం బడి పెట్టారు. టీచర్లు పెదవులు చూసి స్పానిష్ నేర్చుకోమన్నారు. అది పెద్దగా ఫలించలేదు. కానీ ఆటస్థలంలో, బస్సులో పిల్లలు తమ ఇళ్ళ నుంచి తెచ్చుకున్న సైగలని ఒకరితో ఒకరు పంచుకున్నారు, కలిపారు, మార్చారు. కొన్నేళ్ళకే వ్యాకరణం ఉన్న కొత్త భాష పుట్టింది. పెద్దలు ఎవరూ నేర్పలేదు. పరిశోధకులు వచ్చి చూసి ఆశ్చర్యపోయారు.

ఆ పిల్లలకి అంతకు ముందు లేనిది ఏంటి? తెలివి ఉంది, చేతులు ఉన్నాయి, కళ్ళు ఉన్నాయి. లేనిది ఒకటే, తమతో మాట్లాడే ఇంకొకడు. ఆ ఒక్క కారణం చేరగానే భాష పుట్టింది. ఇది ఉంటే అది ఉంటుంది.

గుడ్డ ముక్కతో చెప్పిన ధమ్మం

ఇక్కడ మనం దాచకూడని ఒక విషయం ఉంది. వినయ పిటకం మహావగ్గంలో ప్రవ్రజ్య ఇవ్వకూడనివారి జాబితాలో చెవిటివారు, మూగవారు కూడా ఉన్నారు. ఇది చదివినప్పుడు మనసు చివుక్కుమంటుంది. చివుక్కుమనాలి కూడా. ఆ రోజుల్లో ధమ్మం అంతా నోటి మీదే నడిచింది. త్రిపిటకాన్ని సింహళంలో తాళపత్రాల మీద రాసింది బుద్ధుడి తర్వాత కొన్ని వందల ఏళ్ళకి. విని, కంఠస్థం చేసి, సంఘకర్మలో నోటితో ఒప్పుకోవాల్సిన కాలంలో పెట్టిన నియమం అది అని నేను అర్థం చేసుకుంటాను. అది భిక్షు సంఘంలో చేరడానికి సంబంధించింది. ధమ్మ మార్గంలో నడవడానికి ఆ అడ్డు లేదు. సంజ్ఞా భాష ఉన్న ఈ కాలంలో ఆ జాబితా చూపించి ఒక బిడ్డని విహారం గుమ్మం దగ్గర ఆపేవాడు నియమాన్ని కాపాడుతున్నానని అనుకుంటాడు. ధమ్మాన్ని మాత్రం గుమ్మం బయటే వదిలేస్తాడు.

ఎందుకంటే గుమ్మం దగ్గర నిలబడి ఏడుస్తున్న ఒకణ్ణి బుద్ధుడే స్వయంగా లోపలికి తీసుకొచ్చిన కథ మన దగ్గర ఉంది. చూళపంథకుడికి నాలుగు నెలలు కష్టపడినా ఒక్క గాథ కూడా నోటికి రాలేదు. సొంత అన్న మహాపంథకుడే, నువ్వు పనికిరావు వెళ్ళిపో అన్నాడు. తోడబుట్టినవాడే పొమ్మన్నాక ఎక్కడికి పోతాడు? బుద్ధుడు అతన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, తెల్లటి గుడ్డ ముక్క ఒకటి ఇచ్చి, దీన్ని రుద్దుతూ ఉండు అన్నాడు. రుద్దగా రుద్దగా గుడ్డ మాసింది. తెల్లనిది తెల్లగా ఉండదని పంథకుడు కళ్ళతో చూశాడు, వేళ్ళతో తెలుసుకున్నాడు. చెవుల ద్వారా నాలుగు నెలల్లో ఎక్కని అనిత్యం, చేతుల ద్వారా ఒక్క రోజులో ఎక్కింది.

బుద్ధుడు శిష్యుణ్ణి మార్చలేదు. పాఠం చెప్పే పద్ధతిని మార్చాడు. చెవిటి బిడ్డ దగ్గర మన పని కూడా అదే.

అసలు మన ధమ్మం చేతులతో మాట్లాడటం కొత్త కాదు. హుస్సేన్‌సాగర్‌లో నిలబడ్డ బుద్ధుడి కుడి చెయ్యి చూడండి. భయపడకు అంటోంది. ఆ మాట వినడానికి చెవులు అక్కర్లేదు. అమరావతి శిల్పులు ధర్మచక్రం, బోధివృక్షం, పాదముద్రలు చెక్కి బుద్ధుడి జీవితాన్ని కళ్ళకి చెప్పారు. చదువురానివాడు, పరభాషవాడు, వినబడనివాడు, ముగ్గురూ ఆ రాయి ముందు సమానమే.

ఎవరు ఎవరికి అమ్మ

ఒకసారి ఒక భిక్షువుకి విరేచనాలు పట్టుకున్నాయి. తన మలంలోనే తాను పడి ఉన్నాడు. తోటి భిక్షువులు ఎవరూ దగ్గరికి రాలేదు. వీడివల్ల మాకేమీ ఉపయోగం లేదు కదా అని వాళ్ళ లెక్క. బుద్ధుడు ఆనందుణ్ణి నీళ్ళు తెమ్మని, ఇద్దరూ కలిసి ఆ భిక్షువుని కడిగి మంచం మీద పడుకోబెట్టారు. తర్వాత సంఘాన్ని పిలిచి అడిగాడు. ఇక్కడ మీకు అమ్మ లేదు, నాన్న లేడు. మీరు ఒకరికొకరు చేసుకోకపోతే మీకు ఇంకెవరు చేస్తారని. నాకు సేవ చేయాలనుకునేవాడు రోగికి చేయాలని.

కుటుంబం అంటే ఏంటో ఆ రోజు బుద్ధుడు ఒక నిర్వచనం ఇచ్చాడని నాకనిపిస్తుంది. రక్తం అడగలేదు, కులం అడగలేదు. ఎవరు నీళ్ళు మోశారు, ఎవరు కడిగారు, అదే అడిగాడు. కరాచీలో బిల్కీస్ ఎధి ఆ పరీక్షలో గెలిచింది. కన్నతల్లి స్థానం ఆమెదే అని నేను అనడం లేదు. గీత నదిని, చెరుకు తోటని మర్చిపోలేదంటే ఆ తొలి ఇల్లు ఎంత లోతుగా నాటుకుందో చూడండి. ఆమె వెతుకులాట న్యాయమైనది. కానీ వెతుకుతున్నన్నాళ్ళు బతికించింది మాత్రం రక్తం పంచుకోని చేతులు.

రక్తం ఉన్న మన ఇళ్ళలో, ఆ చేతులు ఉన్నాయా?

ఈ పున్నమికి ఒక సాధన

ప్రతి పున్నమికి మనం మైత్రీ భావన చేస్తాం. కళ్ళు మూసుకుని సర్వ ప్రాణులూ సుఖంగా ఉండాలి అనుకుంటాం. ఈసారి కళ్ళు తెరిచి చేయండి. మీ బంధువుల్లో, మీ వీధిలో, మీ విహారానికి వచ్చే కుటుంబాల్లో వినబడని బిడ్డ ఎవరైనా ఉన్నారేమో గుర్తు చేసుకోండి.

మొదట ఆ బిడ్డ అసలు పేరు తెలుసుకోండి. ఆ పేరుకి ఒక సైగ ఉందేమో అడగండి, లేకపోతే బిడ్డతోనే ఎంచుకోమనండి. చెవిటి సమాజంలో ప్రతి మనిషికీ ఒక సైగ పేరు ఉంటుంది, అది వాళ్ళకి చాలా ప్రియమైనది. మూగోడు అనే పిలుపు మీ నోట మానండి, మీ ఎదుట అనేవాళ్ళని ఆపండి.

తర్వాత పది సైగలు నేర్చుకోండి. ఢిల్లీలో 2015లో ఏర్పడిన భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన శిక్షణ కేంద్రం పది వేల పదాల నిఘంటువు తయారు చేసింది. వీడియోలు ఫోన్‌లోనే చూడవచ్చు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సంజ్ఞా భాషని గుర్తించింది, కాబట్టి బడిలో అడగడం హక్కు, బతిమాలడం కాదు. బిడ్డని ఇతర చెవిటి పిల్లలతో, ముఖ్యంగా సంజ్ఞా భాష వచ్చిన చెవిటి పెద్దలతో కలపండి. తనలాంటి మనిషి పెద్దయి, ఉద్యోగం చేస్తూ, సంసారం చేస్తూ, గట్టిగా నవ్వుతూ కనిపించడం ఆ బిడ్డకి ఏ ఉపదేశం కంటే గొప్పది.

బిడ్డకి ఊరి పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఫోన్ నంబర్ రాయడం నేర్పండి. ఇది ధమ్మమా అని అడగకండి. గీత కథ విన్నాక కూడా ఆ ప్రశ్న ఎందుకు?

చివరగా, మీ ఇంట్లోనే ఆ బిడ్డ ఉంటే, ఈ రాత్రి భోజనాల దగ్గర ఒక్క పని చేయండి. అందరూ నవ్వినప్పుడు ఆగండి. ఎందుకు నవ్వామో ఆ బిడ్డకి చెప్పండి. చేతులతో చెప్పండి, కాగితం మీద బొమ్మ గీసి చెప్పండి, అన్నయ్య చేత మళ్ళీ నటింపజేసి చెప్పండి. అన్నం చల్లారనివ్వండి, ఫర్వాలేదు. మొదట మీకు సరిగ్గా రాదు. బిడ్డకి సగమే అర్థమవుతుంది. అయినా ఈసారి తాను నవ్వేది అందరూ నవ్వుతున్నారని కాదు.

మొదట్లో అడిగిన ప్రశ్న మర్చిపోలేదు కదా? ఆ పాప ఇంట్లో ఉన్నట్టా, తప్పిపోయినట్టా అని. దాని జవాబు ఆ పాప దగ్గర లేదు, ఆమె వెనకటి జన్మలోనూ లేదు. అమ్మ మోచెయ్యి పట్టుకుని ఆమె లాగినప్పుడు, ఆ చెయ్యి ఏం చేస్తుందో, జవాబు అక్కడుంది.

భవతు సబ్బ మంగళం.